కూత తెగినా వదలని ఆట

మా పెద్దబాపు పోయాడు. మోత్కూర్ అంగడిలో ఉప్పు కొంటుంటే మా ఊరి మనిషి ఒకడు ఆ మాట చెప్పి, మళ్ళీ తన బేరంలో పడ్డాడు. నా బాపు చనిపోయాక నన్ను పెంచింది ఆయనే. నా బాపు చావుకు కారణమూ ఆయనే అని ఊళ్ళో కొందరు అనేవారు.

మా చుట్టుపక్కల చెడుగుడు ఎక్కడ జరిగినా తీర్పు పెద్దబాపుదే. గీత పక్కన కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. కూత వినేది గానీ చూసేది కాదనేవాడు. ఆడపిల్లనైనా నన్ను పక్కన కూర్చోనిచ్చేవాడు. పట్టుబడినవాడి ఊపిరి తెగగానే "ఇడువు" అని ఒకటే మాట. చెయ్యి తీయడం ఆలస్యం చేసినవాడికి ఆ వారం ఆట లేదు. ఓడినవాడికి మాట వచ్చేదాకా వీపు నిమురుతూ కూర్చునేవాడు. చూడవచ్చినవాళ్ళకు అదంతా విసుగు.

రజాకార్ల రోజుల్లో దొర తన గడీ ముందు ఆట పెట్టించాడు. అతిథిగా వచ్చిన పోలీసు అమీన్ సాబు ఆవలించాడు. దొరకు తలకొట్టేసినట్టయింది.

"పట్టుకున్నోన్ని ఇడ్వొద్దు, నేను చెయ్యి ఊపేదాంక," అన్నాడు.

కూత తెగితే ఆట అయిపోయినట్టేనని చేతులు జోడించి చెప్పబోయిన పెద్దబాపును గడీ మనిషి మూతి మీద కొట్టాడు. తర్వాత కూతకు వెళ్ళింది ఆయన తమ్ముడు, నా బాపు. అందరూ మీద పడ్డారు. అమీన్ సాబు నిద్రమత్తు వదిలి తొడ చరుచుకుంటూ నవ్వాడట. దొర చెయ్యి ఊపేసరికి బాపు నోట నెత్తురు. మూడోనాడు పోయాడు. మీద పడ్డది మా వాడవాళ్ళే, పాడె మోసిందీ వాళ్ళే.

"నాకు ఇనిపించింది బిడ్డా, ఊపిరి తెగింది. నోరు రాలే," అన్నాడు పెద్దబాపు ఒకనాడు. ఆయన్ను ఓదార్చాలనిపించలేదు. ఆయన పెట్టిన అన్నం తింటూనే ఆయన మీద కోపం పెంచుకున్నాను. ఆయన పోయాడని విన్నాక ఆ కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియక ఏడ్చాను.

పోలీసు చర్య తర్వాత అమీన్ కనబడలేదు, దొర పట్నం చేరాడు. మోత్కూర్ కుర్రాళ్ళు పోటీలు మొదలుపెట్టారు. చెడ్డవాళ్ళు కారు. అంగడికొచ్చిన జనం కాసేపు నిలబడి వెళ్ళిపోతున్నారని, గడీ పద్ధతి పెడితే కదలరని, లేకుంటే ఆటే చస్తుందని పెద్దబాపుకు నచ్చజెప్పబోయారు.

"ఆట సస్తే సావనియ్యుర్రి. ఆడెటోడు సావొద్దు," అన్నాడాయన మంచంలోంచే.

ఆయన కన్ను మూసేదాకా ఆగారు, ఆ మాత్రం మర్యాద ఉంది. దినవారాలు కాగానే ఆయన పేరు మీదే పోటీ పెట్టారు, గడీ పద్ధతిలో. నన్ను ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. జనం బండ్లెక్కి మరీ చూశారు, ఒక్కరూ కదల్లేదు. కుర్రాళ్ళ అంచనా తప్పలేదు.

చిట్యాల నుంచి వచ్చిన పిలగాడొకడు పట్టుబడ్డాడు. వాడి కూత తెగడం నాకు వినిపించింది. లేచి అరిచాను. ఆ గోలలో ఎవరికి వినబడుతుంది. మీద పడ్డవాళ్ళ కింది నుంచి వాడి చెయ్యి ఒక్కటే బయటికి వచ్చి నేలను కొడుతోంది. జనం ఆ దెబ్బలకు తగ్గట్టు చప్పట్లు కొడుతున్నారు.