బొప్పాయి ముక్కకాడ హుష్ కాకి

నవ్వొద్దు, గట్లయితెనే చెప్త. మొన్న ఆదివారం నా తెలివి గల్లీ మొత్తం తెల్సిపోయింది!

మా ఇంటామె స్వరూప సర్కారు టీచర్. పోయిన ఎండాకాలంల ఆదిలాబాద్‌కు ట్రాన్స్‌ఫర్ అయింది. చిట్కుల్‌ల ఇల్లు, ఇంటెనుక జెరంత పెరడు, నేనొక్కణ్ణే. పెండ్లయిన ఏడు ఆ పెరట్ల జామచెట్టు మీద కోయిల కూస్తుంటే ఇద్దరం మెట్ల మీద కూసోని చాయ్ తాగినం. ఉగాది దగ్గర పడ్డకాంచి ఫోన్ల ఒకటే అడుగుడు: "కోయిల వచ్చిందా? జెర నాకు వినిపియ్యవా?"

అది వినిపిస్తె ఆమె జెరసేపు ఈడ ఉన్నట్టుంటది. నాకు గంతే కావాలె.

మట్టి మూకుడుల నీళ్లు పోసిన. గోడ మీద బొప్పాయి ముక్కలు పెట్టిన. కోయిల రాలే. ఓ కాకి దాపురించింది! నేను షిఫ్ట్‌కు పోయే టైముకే దిగుడు, బొప్పాయి మింగుడు. నేను చప్పట్లు కొట్టి "హుష్ కాకి!" అనుడు. పదిహేను రోజులు ఇదే డ్యూటీ. ఆఖరికి కోపమొచ్చి నా పాత ఫ్యాక్టరీ యూనిఫారం కట్టెకు తొడిగి, మీద హెల్మెట్ పెట్టి దిష్టిబొమ్మను నిలబెట్టిన. పక్కింటి యాదమ్మవ్వకు చూపు జెర తక్కువ. "ఏంది బిడ్డా, ఇయ్యాల డ్యూటీ లేదా?" అని దాంతోని మాట్లాడింది కూడా!

ఆదివారం చూస్తె, ఆ దిష్టిబొమ్మ భుజం మీదనే కూసుంది కాకి! ఎమ్మటే వీడియో కాల్ చేసిన.

"సూడు స్వరూపా, ఈ బద్మాష్ కాకి వల్లనే మన కోయిల వస్తలేదు!"

ఆమె ఫోన్ దగ్గరికి పట్టుకోని చూసింది.

"ఏమయ్యా, కాకికి కండ్లు ఎర్రగుంటయా?"

"ఏమో... నిద్ర సాలలేదేమో."

"అది కోయిలనయ్యా! మగ కోయిల!"

ఎవలికోసం ఎదురు సూసిన్నో, వాణ్ణే పదిహేను రోజులు చప్పట్లు కొట్టి తరిమిన! గడ్డపోతారం మందుల కంపెనీల నా పనేందో తెల్సా? డ్రమ్ముల వచ్చిన పౌడర్ అసలుదా, వేరేదా అని గుర్తుపట్టుడు. పన్నెండేండ్ల సర్వీసు!

దిష్టిబొమ్మను పీకేసిన. గోడవతల యాదమ్మవ్వ అంతా విన్నది, ఇగ గల్లీకి వేరే చెప్పాల్నా?

మరునాడు పొద్దుగాల కోయిల కూసింది. మా జామచెట్టు మీద కాదు, అవ్వోళ్ల యాపచెట్టు మీద. గోడెక్కి, చెయ్యి సాపి ఫోన్ పట్టుకున్న. స్వరూప సప్పుడు చెయ్యకుండ విన్నది. కోయిల ఆపినంక గూడ ఇద్దరం ఫోన్ పెట్టలే. మస్తు యాదికొచ్చింది ఆమె.

ఆఖరికి ఆమెనే అన్నది: "శనివారం వస్తున్న. నన్నన్న గుర్తుపడ్తవా, నాకు గూడ హుష్ అంటవా?"

శనివారం దాక ఆగుడెట్లనో తెలుస్తలేదు. దిష్టిబొమ్మను పీకేసిన గదా, ఇగ దాని డ్యూటీ నాదే: పొద్దుగాల లేస్తె గేటు కాడ నిలబడుడు!