టైపు మాస్టారు చెప్పని పేర్లు

మా టైపు మాస్టారు శుక్రవారం పొద్దున ఆసుపత్రిలో పోయారు. ఊపిరితిత్తుల జబ్బని కాగితం మీద రాశారు. అబద్ధం. రెండేళ్ల కిందట పక్కటెముక విరిగి లోపలికి దిగేలా తన్నారు ఆయన్ని. ప్రాణం పోవడానికి రెండేళ్లు పట్టింది, అంతే. దాన్ని జబ్బంటే నేను ఒప్పుకోను.

సామర్లకోట స్టేషను రోడ్డులో ఒక గది ఆయనది. టైపు నేను అక్కడే నేర్చుకున్నాను. తప్పు కొడితే స్కేలుతో బల్లను కొట్టేవారు, మమ్మల్ని కాదు. "వేళ్లతో అన్నం తినాలమ్మాయ్, వాటి జోలికెళ్లకూడదు" అనేవారు. తర్వాత కంప్యూటరొచ్చింది. మా కౌలు రైతుల సంఘం కరపత్రాలు, అర్జీలు అన్నీ ఆయన చేతుల మీదే తయారయ్యేవి.

ఆ కంప్యూటర్లో పీడీఎఫ్‌లు చూసే సాఫ్ట్‌వేరు ఏనాటిదో. కొత్తది వేస్తే మన పాత ఫాంట్లకు ఒత్తులు ఎగిరిపోతాయి. డీటీపీ చేసే ఎవర్నడిగినా అదే చెబుతారు. రోజూ అప్‌డేట్ చేయమని తెర మీద పెట్టె వచ్చేది, ఆయన "తర్వాత" నొక్కేవారు. మానిటర్ అంచున చీటీ కూడా ఉండేది: "అప్‌డేట్ చేయవద్దు".

ఒక భూస్వామి, అసలు నాకు కౌలుదార్లే లేరన్నాడు. ఉన్నామని నలభై మంది రహస్యంగా సంతకాలు పెట్టారు. కోర్టులో వేసేదాకా పేర్లు బయటికి రాకూడదు. పాస్‌వర్డ్‌తో తాళం వేసిన ఆ జాబితా మాస్టారి కంప్యూటర్లో ఉంది.

పట్టపగలు నలుగురు వచ్చి షట్టరు దించారు. పాస్‌వర్డ్ చెప్పమన్నారు. చెప్పలేదు. కుడిచేతి వేళ్లు బల్ల మీద పరిచి ఇనపరాడ్డుతో ఒక్కొక్కటీ విరగ్గొట్టారు. చెప్పలేదు. కింద పడేసి డొక్కలో తన్నారు. జనం షట్టరు బాదితే పారిపోయారు.

వారం తిరక్కుండా ఆ నలభై మంది ఇళ్లమీద పడ్డారు. గునపాలతో తలుపులు పగలగొట్టి, ఆడవాళ్లని జుట్టు పట్టి ఈడ్చి కొట్టారు. సంఘం మీటింగులో ఒకాయన లేచి, "దెబ్బలకి నోరు జారుంటారు. ఒప్పుకుంటే పోద్ది కదండీ మాస్టారూ" అన్నాడు.

"నేను చెప్పలేదండి" అన్నారు మాస్టారు. ఎవరూ నమ్మలేదు. ఆయన కొట్టుకు వెళ్లడం మానేశారు.

మా వకీలు తెచ్చిన కంప్యూటరు నిపుణుడు చివరికి తేల్చాడు. తనని కొట్టిన కేసులోనే కోర్టు నోటీసు అని మెయిల్లో ఒక పీడీఎఫ్ వస్తే, మాస్టారు కట్లతో, ఎడమచేత్తో తెరిచారు. ఆ పాత సాఫ్ట్‌వేరులో కన్నం ఉంది. దొంగ అందులోంచి దూరి కూర్చుని, మాస్టారు ప్రింటు కోసం జాబితా తెరవగానే అవతలికి పంపించేశాడు. ఆ కన్నాన్ని కంపెనీవాళ్లు కొత్తదాంట్లో ఎప్పుడో పూడ్చేశారట. రోజూ వచ్చిన పెట్టె అడిగింది అదే. మన అక్షరాలు పగిలిపోతే ఆ కంపెనీకేం? ఎవరి నెత్తురు దానికి కనపడింది గనక?

ఆయన నోరు జారలేదు. ఆ మాట అన్నవాళ్లంతా ఇది చదవాలి. నేనూ చదువుకోవాలి.

అప్‌డేట్ ఎవరు వద్దన్నారని నిపుణుడు ఆ రోజు అడిగాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. మాస్టారు నావైపు చూడకుండా, "నా బుద్ధితక్కువండి" అన్నారు. నేను నోరు మెదపలేదు.

దహనం నుంచి తిన్నగా కొట్టుకెళ్లి షట్టరెత్తాను. చీటీ ఇంకా అలాగే అంటుకుని ఉంది. ఒక మూల ఆయన నెత్తురు గోధుమరంగుకు తిరిగి ఎండిపోయింది. దాని పక్కన, గుండ్రంగా, ఆయన దిద్దించిన నా చేతిరాత.