మెరిసే కమ్మీ

తొంభైల నాటి మాట. హోసూరులో బస్సెక్కినప్పటి నుంచి పక్కన నిలబడ్డ మనిషి బ్రేకు పడ్డప్పుడల్లా నా మీదే పడుతున్నాడు. చివరికి కాలు తొక్కేసరికి ఒళ్ళు మండింది.

"పైన కమ్మీ ఉండాది కదప్పా, పట్టుకోకూడదా?"

అరచేతులు చూపించాడు. ఎర్రగా పగిలి ఉన్నాయి.

"నికెల్ తగిలితే ఇంతేనప్పా. మూకండపల్లిలో ఇనుముకు నికెల్ పూత ఏసే ప్లేటింగ్ పని శానా ఏండ్లు చేసినాను, ఏమీ కాలే. రోగాలతో కొట్లాడే కణాలను ఊరుకోమని ఆపే కణాలు కూడా ఒంట్లో ఉంటాయంట. ఒగ దినం ఆపేవి చేతులెత్తేసినాయని, అప్పట్నుంచి ఒళ్ళు నికెల్ మీద కొట్లాడతా ఉండాదని డాక్టరు చెప్పినాడు. పని మానేసినా ఒళ్ళు మరిసిపోలే."

"బస్సు కమ్మీలో నికెల్ యాడుంటుందప్పా?" విసుక్కున్నాను.

"ఆ మెరుపు కింద ఉండేది అదే. ఇట్లాంటి కమ్మీలకు ఆ పూత మేమే ఏసినాము."

మళ్ళీ బ్రేకు పడింది. చిరాగ్గానే అతని మణికట్టు పట్టుకుని, ఆ చెయ్యి నా భుజం మీద వేసుకున్నాను.