ధనమ్మ గునపం

నరసరావుపేట శివారులో ఆకుకూరలు పండించే ధనమ్మకు అనుమానం పుట్టుమచ్చ లాంటిది. పాలు పోయించుకుంటే గోటి మీద చుక్క నిలబెట్టి చూస్తుంది. వానొస్తుందని ఫోను చెబితే చీమలనడుగుతుంది. అందుకేనేమో, ఆమె గోంగూర కట్టను పదిహేనేళ్లుగా అందరూ విప్పి చూడకుండానే కొంటున్నారు.

పశువులు తగ్గిన ఊళ్లో పేడ దొరక్క ఆమె మళ్లు బిగుసుకుపోతున్నాయి. ఆ సంగతి తెలిసి, మురుగునీటి శుద్ధి కేంద్రంలో పనిచేసే జీవన్ ఆటోలో నాలుగు బస్తాల నల్లటి ఎరువు తెచ్చి గట్టు మీద దించాడు. మురుగు అడుగున మిగిలిన బురదను రంపపు పొట్టుతో కలిపి మగ్గబెట్టారట.

"పేట లెట్రిన్ల మడ్డిరా ఇది! నా కూరకెయ్యమంటావా?"

"కుప్పలోనే ఉడికిపోద్ది పిన్నీ. పురుగూ పుట్రా అన్నీ చస్తయ్. వాసన చూడు."

చూసింది. తొలకరి మట్టి వాసన. అదే ఆమెకు నచ్చలేదు. ఏ పాపం ఎరగనట్టు అంత కమ్మగా ఎందుకుండాలి?

ఒక బస్తా విప్పి, గుప్పెడు మూలన పోసి, నీళ్లు చిలకరించి వదిలేసింది. వారం తిరిగేసరికి సన్నటి మొలకలు లేచాయి. ఆకు నలిపి చూసింది. టమాటా. ఊరు తిన్న గింజలు కడుపులు దాటి, కాలవలు దాటి, చీకటంతా ఈది వచ్చి ఎండను చూస్తున్నాయి. ఒక్క క్షణం ముద్దొచ్చాయి. మరుక్షణం ఆమె జీవన్‌ను పిలిపించింది.

"ఎరువు కొంటే నారు ఫ్రీ!" నవ్వాడు జీవన్.

"నవ్వమాక. గింజే చావలేదు, పురుగెట్టా చచ్చిందిరా? నా కట్ట ఎవరూ విప్పి చూడరు. నేనే చూడాల. పద, కుప్ప చూపీ."

గునపంతో ఆటో ఎక్కింది. కుప్ప నడుమ దాన్ని దించి, టీ తాగేంతసేపు ఉంచి, లాగి కొస పట్టుకుంది. గోరువెచ్చన.

"ఇదేనా ఉడకడం? చంటిపిల్లకి పోసే నీళ్లు ఇంతకన్నా కాగుతయ్!"

జీవన్ తల దించుకున్నాడు. వానకు తడిసిన కుప్పను తిరగెయ్యలేదని ఒప్పుకున్నాడు.

పొట్టు కలిపి కుప్పను మళ్లీ పేర్చారు. పది రోజులకు ధనమ్మ మళ్లీ వెళ్లింది. ఈసారి కొస తాకగానే "అబ్బా!" అని వేళ్లు చెవి తమ్మెకు ఆనించుకుంది.

"ఇప్పుడన్నా నమ్మావా పిన్నీ?"

"బాగా మగ్గినాక ఒక బస్తా పంపు. ముందు బంతి మొక్కలకేస్తా. పూలెవరూ తినరుగా."

బంతులు విరగబూశాయి. తొలి పువ్వు కోసి చాలాసేపు వాసన చూసింది. బంతిపువ్వు వాసనే. ఆ పువ్వు చేత్తో పట్టుకుని, గోంగూర మడి గట్టు దాకా వచ్చి, ఆగిపోయింది.