పంజాగుట్ట ల్యాబులో ఉసిరిపొడి

తెనాలిలో మా సుజాత వదిన ఇంట్లోనే ఉసిరిపొడి చేసి అమ్ముతుంది. అందులో యాంటీఆక్సిడెంట్ల బలం ఎంతో కొలిపించి, ఆ అంకె పొట్లం మీద వేయిస్తే అమ్మకాలు పెరుగుతాయని ఆవిడ ఆలోచన. చదువుకునే రోజుల్లో నాతో హాస్టల్లో ఉన్న స్వప్న పంజాగుట్టలో ఒక ప్రైవేటు ల్యాబులో పనిచేస్తుంది. అలా వదినా నేనూ హైదరాబాద్ బస్సెక్కాం.

పొద్దున్నే అమీర్‌పేటలో దిగి, కోచింగ్ సెంటర్ల సందులో ఒక బండి దగ్గర ఇడ్లీ తిన్నాం. ప్లేటు నలభై. పంజాగుట్టకు ఆటో అడిగితే డ్రైవరు నవ్వాడు. “గంత దానికి ఆటో ఎందుకక్కా? మెట్రోల ఒక్కటే స్టేషన్. ఇప్పుడు రోడ్డు మీద మస్తు జామ్ ఉంటది.” ఆయన మాట విని మెట్రో ఎక్కాం. పది గంటలకల్లా ల్యాబులో ఉన్నాం.

సాధారణంగా బయటివాళ్లను లోపలికి రానివ్వరు. స్వప్న మమ్మల్ని అద్దం ఇవతల నిలబెట్టి చూపించింది. చిన్న చిన్న గుంటలున్న పలకలో పచ్చగా వెలిగే రంగునీళ్లు పోసి, వేడి తగలగానే చురుకైన ఆక్సిజన్ కణాలను పుట్టించే మందు కలిపింది. ఆ కణాలు వెలుగును తినేస్తాయి. మా పొడి నుంచి తీసిన రసం వేసిన గుంటలో వెలుగు ఎంతసేపు నిలిస్తే పొడికి అంత బలం. కంప్యూటర్ తెర మీద, ఉసిరికి బదులు ఉత్త నీళ్లు వేసిన గుంట గీత త్వరగానే కిందికి జారింది. ఉసిరి గీత చాలాసేపు పైనే ఉంది. వదిన ముఖం వెలిగింది.

ఆ సంతోషంలోనే అడిగింది. “అయితే ఇది తాగేవాళ్లు బీపీ మాత్రలు మానేయొచ్చా అండీ?”

స్వప్న తెర మీద నుంచి చూపు తిప్పింది. “ఎవరన్న మానేసిన్రా అక్కా?”

వదిన మెల్లగా చెప్పింది. వెనక వీధిలో ఉండే రాజేశ్వరి టీచరు గారు ఈ పొడి మొదలుపెట్టాక మాత్రలు ఆపేశారట. తను కూడా ఆ సంగతి నలుగురికీ గొప్పగా చెప్పిందట.

“గీ అంకె ఈ పలక వరకే. ఒంట్లకు పోయినంక ఎంత ఒంటబడ్తదో, ఎంత పనిచేస్తదో ఈ పరీక్షతోని తెల్వదు. బీపీకి దీనికి సంబంధమే లేదు. ఇప్పుడే ఫోన్ చెయ్యి అక్కా” అంది స్వప్న.

వదిన మెట్ల మీదికి వెళ్లి ఫోన్ చేసింది. “నా పొడికి ఆ పని రాదండీ. ఈరోజే డాక్టరు గారికి చూపించుకోండి” అని రెండుసార్లు చెప్పింది. అవతల టీచరు గారు కోప్పడినట్టున్నారు. సాయంత్రం మేము బస్టాపులో ఉండగా టీచరు గారి కూతురు ఫోన్ చేసింది. బీపీ బాగా పెరిగి ఉందనీ, డాక్టరు మళ్లీ మాత్రలు మొదలుపెట్టారనీ, ఇక పొడి పంపవద్దనీ చెప్పి పెట్టేసింది.

తిరుగు ప్రయాణంలో ఇదే ఆలోచించాను. ఆ పరీక్ష అబద్ధం చెప్పలేదు. ఉసిరిలో బలం ఉన్న మాట నిజమే. ఆ నిజం ఎక్కడితో ఆగుతుందో అడిగి తెలుసుకోవడానికే మేము అంత దూరం వెళ్లినట్టయింది. మీరూ ఇలాంటి పరీక్షకు వెళితే పొడిని వెలుతురు, తేమ తగలని డబ్బాలో తీసుకెళ్లండి. ఏ పద్ధతిలో కొలుస్తారో ముందే ఫోన్‌లో అడగండి, ఎందుకంటే ఒక పద్ధతిలో వచ్చిన అంకెను ఇంకో పద్ధతి అంకెతో పోల్చలేం.