కర్ర ఎత్తిన ఫోటో

కట్టంగూర్ బస్టాండ్ ఎదురుగా గ్లోరీ ఫోటో స్టూడియో నడిపే బెంజమిన్‌కు పెళ్లయినా ధర్నా అయినా ఒకటే. ఆడవాళ్లు ముందు వరుసలో కూర్చోవాలి, మగవాళ్లు వెనక నిలబడాలి, పొడుగువాళ్లు చివరలకు పోవాలి, అందరి ముఖాలూ కనపడాలి. హైవే మీద రెండు పక్కలా లారీలు ఆగిపోయి హారన్లతో చెవులు దిమ్మెక్కుతున్నా అతను నింపాదిగా డివైడర్ ఎక్కి, "పెద్దాయినా, జర పక్కకు జరుగు, నీ ఎనకామె కనవడ్తలేదు" అని జనాన్ని సర్దేవాడు. గొంతులు పగిలేలా నినాదాలిస్తున్నవాళ్లు కూడా ఆ మాటకు నోరు మూసుకుని బుద్ధిగా జరిగేవాళ్లు. ఆ మండలంలో ఫోటో దిగితేగానీ ధర్నా చేసినట్టు కాదు. నాయకులు వచ్చి మాట్లాడి వెళ్లిపోయినా సరే, బెంజమిన్ మోటారు సైకిల్ కనపడేదాకా ఎవరూ రోడ్డు మీంచి లేచేవాళ్లు కాదు. అతను నాలుగు ఫోటోలు తీశాక పోలీసులే వచ్చి, అయిపోయింది కదా ఇక లేవండి అనేవాళ్లు.

ముఖాల మీద అతనికి అంత పట్టింపు ఊరికే రాలేదు. అతని తండ్రి డానియల్ బతికినంత కాలం పరాయి పొలాల్లో కూలి చేసిన మనిషి. ఆయన పోయినప్పుడు జ్ఞాపకార్థ కూడికలో పెట్టడానికి ఒక ఫోటో కావాలని ఇల్లంతా వెతికారు. చివరికి పాత రేషన్ కార్డు మీద, ఇంటిల్లిపాదీ కలిసి దిగిన అగ్గిపెట్టెంత ఫోటోలో ఆయన దొరికాడు. అందులోనూ సగం ముఖమే. మిగిలిన సగం మీద ఆఫీసు ముద్ర పడి ఉంది. ఆ సగం ముఖాన్నే పెద్దది చేయించి, పూలదండ వేసి, ప్రార్థన కానిచ్చారు. అప్పటికి బెంజమిన్‌కు పందొమ్మిదేళ్లు. అతన్ని ఫోటోగ్రాఫర్ని చేసింది ఆ ముద్రేనని అతని భార్య ఎస్తేరు ఇప్పటికీ అంటుంది. తమలాంటి వాళ్ల ముఖాలు ఎక్కడా నిండుగా ఉండవని అతనికి ఒక బాధ ఉండేది. అందుకే తీసిన ధర్నా ఫోటోలు పేపరుకు పంపేవాడు, పేపర్లో పడితే ఇక ఎవరూ చెరపలేరని అతని నమ్మకం.

రెండువేల పద్నాలుగులో రాష్ట్రం వచ్చినప్పుడు చాయ్ హోటల్లో దోస్తులు అతన్ని బాగా ఆటపట్టించారు. ఇగ ధర్నాలెందుకుంటాయి, పెళ్లి ఫోటోలు తీసుకుని బతకమన్నారు. అతనూ నవ్వి, అట్లయితే అంతకన్నా కావలసిందేముందన్నాడు. నిజంగానే అలా అవుతుందని ఆశపడ్డాడు పాపం. ఏడాది తిరగకముందే వడ్లు కొనడం లేదని ఒక ఊరు రోడ్డెక్కింది, తాగునీళ్లు రావడం లేదని ఇంకో ఊరు. బెంజమిన్ మళ్లీ డివైడర్ ఎక్కాడు. మర్నాడు పేపర్లో ఫోటో పడితే దాన్ని కత్తిరించి, లామినేషన్ చేయించుకోవడానికి జనం మళ్లీ అతని దుకాణానికే వచ్చేవాళ్లు.

రెండువేల పదిహేడు ఎండాకాలంలో ఎర్రదిబ్బ దగ్గర ప్రమాదం జరిగింది. ఎర్రదిబ్బ ఊరిని హైవే నిలువునా చీల్చింది. ఇళ్లు ఈ పక్కన, గొర్రెలు మేసే జాగా ఆ పక్కన. రోజుకు రెండుసార్లు మందను రోడ్డు దాటించాలి. ఆ రోజు పొద్దున సోమమ్మ కొడుకు నరసింహ గొర్రెలను దాటిస్తుంటే లారీ గుద్దింది. నరసింహ అక్కడికక్కడే పోయాడు, అతనితో పాటు ఇరవై దాకా గొర్రెలు పోయాయి. డ్రైవర్ దూకి పారిపోయాడు. కోపం పట్టలేక గుంపులోంచి ఎవరో రాయి విసిరితే లారీ ముందు అద్దం పగిలింది. రోడ్డు కింద దారి కట్టిస్తామని పెద్ద ఆఫీసరెవరైనా వచ్చి చెప్పేదాకా శవాన్ని ఎత్తేది లేదని ఊరంతా రోడ్డు మీద కూర్చుంది.

బెంజమిన్ చేరుకునేసరికి అదంతా జరిగి గంట దాటింది. అలవాటు ప్రకారం వరుసలు సర్దాడు. కెమెరాలోంచి చూస్తే ఏదో వెలితిగా అనిపించింది. అప్పుడు రోడ్డు వారన వేపచెట్టు కింద, కొడుకు పక్కన కూర్చున్న సోమమ్మ కనపడింది. అరవై దాటిన మనిషి. ఏడవడం లేదు. నరసింహ గొర్రెలు తోలే కర్ర ఒళ్లో పెట్టుకుని రోడ్డు వైపు చూస్తోంది. బెంజమిన్ వెళ్లి ఆమె ముందు గొంతుక్కూర్చుని, "అవ్వా, నువ్వు ముందల నిలవడాలె. నీ మొఖం చూస్తెనే పైనోళ్లు కదులుతరు" అన్నాడు. ఆమె మారుమాట లేకుండా లేచి వచ్చింది. పగిలిన అద్దం కనపడేటట్టు ఆమెను సరిగ్గా లారీ ముందు నిలబెట్టాడు. వెనక వరుసలో ఇంకో పది మందిని సర్దాడు. "ఆ కర్ర జర పైకెత్తవ్వా" అన్నాడు. ఆమె ఎత్తింది.

అంత మంచి ఫోటో అతను అంతకు ముందు తీయలేదు, ఆ తర్వాతా తీయలేదు. పేపర్లో పెద్దగా వేశారు. ఆగస్టులో జిల్లా పోటీల్లో దానికి రెండో బహుమతి వచ్చింది. బెంజమిన్ దాన్ని ఫ్రేము కట్టించి, స్టూడియోలో కుర్చీ వెనక గోడకు, అడుగుపెట్టగానే కనపడేటట్టు వేలాడదీశాడు.

ధర్నా అయిన రెండు రోజులకు స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది, ఫోటోలు పంపమని. అది కొత్తేం కాదు. బందోబస్తు రిపోర్టులో పెట్టుకోవడానికి వాళ్లు ఎప్పుడూ అడిగేవాళ్లు, అతను ఎప్పుడూ ఇచ్చేవాడు. ఈసారి బాగా వచ్చినవి ఏరి మరీ పంపాడు. బహుమతి వచ్చిన కొన్నాళ్లకు తెలిసింది, కేసు పెట్టారని. ఆ రోజు రోడ్డు మీద మూడు వందల మంది ఉంటే, కేసు పదకొండు మంది మీద. బెంజమిన్ కంప్యూటర్లో ఫోటో తెరిచి, పెద్దది చేసి లెక్కపెట్టాడు. ముఖం స్పష్టంగా కనపడేవాళ్లు సరిగ్గా పదకొండు మంది. సోమమ్మ మీద మాత్రం ఇంకో నేరం కూడా రాశారు. లారీ అద్దం ఆమే కర్రతో పగలగొట్టిందట. ఫోటో చూసిన వాళ్లెవరికైనా అలాగే అనిపిస్తుంది మరి. పగిలిన అద్దం, దాని ముందు ఎత్తిన కర్ర. అలా అనిపించేటట్టు నిలబెట్టింది తనే.

రోడ్డు మీద కూర్చున్న కేసు కొన్నేళ్లకు లోక్ అదాలత్‌లో రాజీ అయి పది మంది బయటపడ్డారు. సోమమ్మ అద్దం కేసు మిగిలిపోయింది. లారీ ఓనరు రాజీకి ఒప్పుకోలేదు. వాయిదా ఉన్న రోజల్లా ఆమె గొర్రెలను కోడలు మల్లికకు అప్పజెప్పి, పొద్దున్నే కట్టంగూర్ వచ్చి బస్సు కోసం నిలబడేది. ఆమె నిలబడే చోటు స్టూడియోకు సరిగ్గా ఎదురు. ఆమెను చూడగానే బెంజమిన్ లోపలికి పోయి, ఉన్న పని లేని పని కల్పించుకుని, బస్సు కదిలిన చప్పుడు వినపడ్డాకే బయటికి వచ్చేవాడు. నిజం చెప్పాలంటే అయిదేళ్లు అలా దాక్కున్నాడు. నలభై ఏళ్లు దాటిన మనిషి, బడి ఎగ్గొట్టిన పిల్లాడిలా.

రెండువేల ఇరవై రెండులో అతనికే సమన్లు వచ్చాయి. ఆమెకు వ్యతిరేకంగా సాక్షి. సర్కారు వకీలు పిలిచి ధైర్యం చెప్పాడు. నువ్వు రెండే ముక్కలు చెప్పాలి, ఫోటో నేను తీసిందే, అందులో ఏమీ మార్చలేదు, అంతే అన్నాడు. ఆ రెండూ నిజాలే. ఆ రెండు నిజాలూ కలిసి సోమమ్మను జైలుకు పంపుతాయి. మూడో నిజం కూడా చెబితే ఆమె బయటపడుతుంది, కానీ తన పేరు పోతుంది. పాతికేళ్లు పడి సంపాదించుకున్నది ఆ పేరొక్కటే. ఆ రాత్రి భార్యకు అంతా చెప్పాడు. ఎస్తేరు, "మామ సగం మొఖం చూసుకుంట ఎన్నడన్న నిమ్మళంగ ఉన్నవా? గీమె మొఖం చూసి ఎట్లుంటవు?" అని మాత్రం అంది.

కోర్టులో వకీలు అడిగిన రెండింటికీ అవునన్నాడు. ఆ తర్వాత అడగకపోయినా ఆగలేదు. "సారూ, ఆ కర్ర నేనే ఎత్తమన్న. లారీ ముందర నేనే నిలవెట్టిన. నేను పోయేటాల్లకే అద్దం పగిలి ఉన్నది. ఆమె చెట్టు కింద కొడుకు కాడ కూసున్నది" అన్నాడు. జడ్జి కలం ఆపి, ఫోటోలు ఎప్పుడూ ఇలాగే తీస్తావా అని అడిగాడు. ఎప్పుడూ ఇలాగే తీస్తానని ఒప్పుకున్నాడు. సోమమ్మ వైపు తలెత్తి చూసే ధైర్యం చాలలేదు.

ఇంకో రెండు నెలలకు కేసు కొట్టేశారు. ఈలోగా పేపరు వాళ్లు ఇక ఫోటోలు పంపవద్దన్నారు. నిలవెట్టి తీసే ఫోటోలాయన అని బస్టాండులో నవ్వుకున్నారు. బెంజమిన్ స్టూలు వేసుకుని గోడ మీది ఫ్రేము తనే దించాడు.

కేసు కొట్టేసిన రోజు సాయంత్రం సోమమ్మ బస్సు దిగి, మొదటిసారిగా స్టూడియో మెట్లెక్కింది. బెంజమిన్ కంగారుగా కుర్చీ జరిపాడు. కృతజ్ఞత చెప్పడానికి వచ్చిందనుకున్నాడు. ఆమె కూర్చోకుండా గోడ మీద మిగిలిన మేకు వైపు చూసింది.

"గీడ నా ఫోటో ఉండేదంట గద. ఏది?"

"తీసేసిన అవ్వా. అది నిజం ఫోటో కాదు. నేను ఎత్తమంటె ఎత్తినవు."

సోమమ్మ అప్పుడు కూర్చుంది. గొంతు పెంచకుండానే మాట్లాడింది. "నువ్వు ఎత్తమన్నవు, లేదనను. గని నేను నీ కోసం ఎత్తిన్నా బిడ్డా? పొద్దటి సంది నా చెయ్యి కొట్టుకుంటనే ఉండె. పీనుగు ముందల ఏం జెయ్యాల్నో తెల్వక కూసున్న. నన్ను జైలుకు పోకుంట ఆపినవు, నీ పిల్లలు సల్లగుండాలె. గని నా కొడుకు కోసం నేను చేసింది అదొక్కటే. అది సుత నాది కాదు, నీదే అని జడ్జి ముందట చెప్పొస్తివి."

ఇంట్లో నరసింహ ఫోటో పక్కన పెట్టుకుంటామని ఆ పేపరు కటింగును మల్లిక తెస్తే, లామినేషన్ చేసిచ్చింది తనేనని బెంజమిన్‌కు అప్పుడు గుర్తొచ్చింది. అది అబద్ధమని తనే నలుగురి ముందూ చెప్పి వచ్చాడు. ఆమె కాసిని మంచినీళ్లు తాగి, ఎర్రదిబ్బ పోయే ఆటో ఎక్కి వెళ్లిపోయింది. అతను షట్టరు సగానికి దించి, లోపల కూర్చుని ఏడ్చాడు.

ఆ తర్వాత బెంజమిన్ ధర్నాలకు పోవడం మానలేదు గానీ, డివైడర్ ఎక్కడం మానేశాడు. ఎవరినీ జరగమనడు, ఎవరినీ పిలవడు. ఇదేం ఫోటో, ఒక్కరి మొఖం సక్కగ లేదు అని జనం విసుక్కుంటే తల వంచుకుని ఊరుకుంటాడు. ఇప్పుడు అతని అవసరం కూడా పెద్దగా లేదు. వందల ఫోన్లు పైకి లేస్తున్నాయి, పోలీసులూ వీడియో తీసుకుంటున్నారు.

రెండువేల ఇరవై నాలుగు చలికాలంలో ఎర్రదిబ్బ దగ్గర మళ్లీ ప్రమాదం. ఈసారి బీరన్న అనే ముసలాయన, చేతిలో గొర్రెపిల్లతో రోడ్డు దాటుతూ పోయాడు. కింద దారి కోసం ఎప్పుడో సున్నంతో గీసిన గీతలు కూడా అప్పటికి చెరిగిపోయాయి. ఊరు మళ్లీ రోడ్డెక్కింది. బెంజమిన్ వెళ్లి, మెడలో కెమెరాతో ఓ వారన నిలబడ్డాడు.

ఆగిన లారీల ముందు సోమమ్మ ఉంది. నడుం వంగింది, చేతిలో అదే కర్ర. ఆమె తనంతట తానే నాలుగడుగులు ముందుకు వేసి కర్ర ఎత్తింది. ఎత్తి, గుంపులో వెతికి, బెంజమిన్‌ను చూపుతో పట్టుకుంది. అతని చేతులు కెమెరా మీదికి పోలేదు. రేపు ఈ ఫోటోతో ఏం చేస్తారో అతనికి బాగా తెలుసు. ఆమెకు అంతకన్నా బాగా తెలుసు.

"ఇప్పుడు నువ్వేం చెప్పలే గద బిడ్డా" అంది సోమమ్మ. "తియ్యి. మొఖం మంచిగ రావాలె."

అతను తీసేదాకా ఆమె కర్ర దించలేదు. ముఖం నిండుగా వచ్చింది.