గడియారం దగ్గర కుడికి తిరిగితే

మా తమ్ముడు సాధించిన మొదటి ఘనత, కూలని పొయ్యి. అంతకుముందు వాడు కట్టిన రెండూ కింద చెక్క దన్ను తీయగానే కుప్పకూలాయి. మూడోది నిలిచింది. బేకరీ యజమానికి నమ్మకం కుదరక, "ఏదీ, దానిమీదెక్కి నిలబడు చూద్దాం" అన్నాడు. పాతికేళ్ల వాడు ఆ ఇటుకల కమాను మీదికెక్కి, జేబులోంచి దువ్వెన తీసి తీరిగ్గా తల దువ్వుకున్నాడు. ఆ రోజు నుంచి రొట్టెల పొయ్యి అంటే మా వాడే.

నేను ఊరి బడిలో ఐదు చదివాను. వాడు మూడుతో ఆపేశాడు. అయితేనేం, మా ఇంట విమానం ఎక్కిన మొదటి మనిషి వాడే. ఇద్దరు కూతుళ్లను నర్సులను చేశాడు. ఎందరో కుర్రాళ్లకు తాపీ పట్టడం నేర్పాడు. వాడు కట్టిన పొయ్యి పగిలిందని ఈ రోజు వరకు ఒక్కరూ అనలేదు. ఇది నేను గొప్పకు రాయడం లేదు, ఎవరినైనా అడగవచ్చు.

ఆ యజమాని బావమరిది పరాయి దేశంలో ఒక పెద్ద నగరంలో బేకరీ నడిపేవాడు. అక్కడ పొయ్యి కట్టడానికి వాడిని తీసుకువెళ్లాడు. లోపలి ఇటుక అరిగిపోయినప్పుడల్లా మళ్లీ పిలిచేవాడు. ఇలా ఐదుసార్లు వెళ్లొచ్చాడు. ఇప్పుడు ఆరోసారి వెళ్లాడు.

మొదటిసారి వచ్చి వాడు చెప్పిన దారి నాకు నోటికి వచ్చు. రైలు గేటు దగ్గర బస్సు దిగాలి. గేటు పక్కన చెప్పులు కుట్టే ముసలాయన ఉంటాడు. ఆయనకు ఎదురుగా మూల మీద గడియార స్తంభం. అక్కడ కుడికి తిరిగితే సన్నని సందు, సందు చివర ఎర్ర తలుపు. అదే బేకరీ. మేడమీద గది వాడిది. అక్కడి అక్షరాలు వాడికి రావు కాబట్టి కంటికి కనిపించిన వాటితోనే దారి గుర్తుపెట్టుకున్నాడు. ఆ దారి నేను గడగడా చెబుతుంటే మా మరదలు, "మీరెప్పుడు వెళ్లొచ్చారు వదినా, నాకు చెప్పకుండా?" అని ఎకసెక్కాలాడేది.

రెండోసారికి రైలు గేటు పోయి వంతెన వచ్చింది. మూడోసారికి సందులో కాపురాలు ఖాళీ అయ్యాయి, బట్టలు ఆరేసుకునే వరండాల్లో కాఫీ తాగే బల్లలు వెలిశాయట. నాలుగోసారి చెప్పులాయన కూర్చునే చోట అద్దాల ఫోన్ల కొట్టు ఉంది. ఆయన పోయాడని చెబుతూ వాడు కళ్లు తుడుచుకున్నాడు. మొదటి చలికాలం వాడి బూట్లు ఊరికే కుట్టిపెట్టింది ఆయనే మరి. ఐదోసారికి ఎర్ర తలుపు నీలమైంది. "గడియారం ఒక్కటే నాకోసం కదలకుండా నిలబడిందక్కా" అన్నాడు. సాయంత్రం వాడు ఫోన్ చేస్తే మధ్యలో అది గంటలు కొట్టేది. కొట్టడం అయ్యేదాకా వాడు మాట ఆపేవాడు. ఇక్కడ మేమూ ఆగేవాళ్లం.

ఈసారి వాడి మాట ఎక్కడా ఆగలేదు.

"గడియారం కొట్టలేదేంరా?"

"బాగుచేస్తున్నారక్కా."

మర్నాడూ అదే. నాకు అనుమానం వచ్చింది. "చెప్పులాయన ఎలా ఉన్నాడ్రా?" అన్నాను.

"బాగున్నాడు. నిన్ననే పలకరించాడు."

"ఒరేయ్, ఆయన పోయాడని నువ్వే కదా చెప్పావు!"

మా మరదలు నా చేతిలో ఫోన్ లాక్కోబోయింది, నేనివ్వలేదు. అప్పుడు చెప్పాడు వాడు.

"సందు లేదక్కా. గడియారం లేదు. అంతా పడగొట్టి ఆకాశమంత కట్టారు. వచ్చిన రోజు పొద్దున బస్సు దిగి, పనిముట్ల సంచి మోసుకుని సాయంత్రం దాకా తిరిగాను. ఎక్కడ కుడికి తిరగాలో తెలీలేదు. నాకే మతి పోయిందేమో అనుకున్నా."

అక్కడి బేకరీ యజమాని కొడుకు వెతికి పట్టుకుని తీసుకువెళ్లాడట. బేకరీ ఊరి బయట పెద్ద రేకుల షెడ్డులోకి మారింది. వీడు అందులోనే ఓ మూల పడుకుంటున్నాడు. "బేకరీ మారిందని ముందే ఫోన్లో చెప్పామంటున్నారు. చెప్పారేమో. నాకు గుర్తులేదక్కా."

ఆ మాట నన్ను నిలవనివ్వలేదు. మా నాన్న చివరి రోజుల్లో సొంత వీధిలో నిలబడి మా ఇంటికి దారి అడిగేవాడు. అది తమ్ముడికీ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు. చెప్పులాయన బాగున్నాడన్నది నన్ను ఊరడించడానికా, నిజంగా మరిచిపోయినందుకా అని అడగడానికి నాకు నోరు రాలేదు.

"పని వదిలేసి వచ్చేయమనండి వదినా" అని మరదలు ఒకటే ఏడుపు.

అదే చెప్పాను. వాడు వినలేదు. "కమాను సగంలో ఉంది. ఇది నిలిస్తే నా బుర్ర బాగున్నట్టే. కూలితే నువ్వు చెప్పినట్టే వింటాను" అన్నాడు.

దన్ను తీసే రోజు ఫోన్ పక్కన పెట్టుకుని తీశాడు. సుత్తి దెబ్బలు ఒక్కొక్కటే వినిపించాయి. చెక్క జారిన చప్పుడు. తరువాత ఏమీ లేదు. మా మరదలు నా మోచెయ్యి పట్టుకున్న చోట గోళ్లు దిగాయి.

"ఏమైందిరా?"

"ఎక్కి నిలబడ్డానక్కా."

"దిగు వెధవా! అరవై రెండేళ్లొచ్చాయి!"

"దువ్వెన కూడా తీశాను."

"దువ్వుకోవడానికి జుట్టేదిరా నీకు?"

ముగ్గురం నవ్వాం. నాకు నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. చేతులకు పని గుర్తుండడం వేరు, తలకు దారి గుర్తుండడం వేరు. డాక్టరుకు చూపించుకుంటానని వాడిచేత మాట తీసుకున్నాను. తడి ఇటుక పగలకుండా రోజూ సన్న మంట పెట్టి కమాను ఆరబెట్టాలి. అది అయ్యేదాకా కదలడు. విమానం దిగాక బస్సులో మా ఊరికి రావాలి. ఇక్కడా పాత బస్టాండు తీసేసి రోడ్డు అవతల కొత్తది కట్టారు. ఆ సంగతి వాడికి రెండుసార్లు చెప్పాను, రెండుసార్లూ ఇప్పుడే విన్నట్టు "అవునా" అన్నాడు. అందుకే నేను కనిపించేదాకా బస్సు దిగవద్దని గట్టిగా చెప్పాను. పొద్దున్నే వెళ్లి కొత్త బస్టాండులో నిలబడతాను.

వాడు వచ్చేది వచ్చే నెల పద్నాలుగు, గురువారం.